తీసేసిన లైను

2008 నవంబర్ 4

సండూరు బస్టాండు హోటల్లో వెంకటరామి కలిశాడు. తోరణగల్లు రోడ్డు మీద ఖనిజం లారీలు తూచే కాటా ఒకటుంది. అక్కడి క్యాబిన్‌లో నాలుగేళ్లుగా చీటీలు కొట్టేది అతనే.

చూసింది, విన్నది విడివిడిగా రాసుకుంటున్నాను.

చూసింది: క్యాబిన్ మీద ఎర్ర అంకెల్లో ముప్పై నాలుగు టన్నుల ఆరువందల కిలోలు. డ్రైవరు చేతిలోని చీటీ మీద ఇరవై అయిదు టన్నులు. రోడ్డు పక్కన నిలబడి పదకొండు లారీలు చూశాను. పదకొండు చీటీల్లో ఒక్కటీ ఇరవై అయిదు దాటలేదు. పర్మిట్ హద్దు కూడా అంతే.

విన్నది: "నేనేమీ నొక్కనప్పా. లారీ ఎక్కుతాది, నంబరు కొడతా, చీటీ వస్తాది. మధ్యలో అది ఎంత మింగుతాదో నాకు తెలీదు."

"మింగేది కంప్యూటరేనా?"

"నేనే మింగింటే ఈపాటికి ఈ కుర్చీలో పట్టుంటానా చక్రధరప్పా?"

ఇడ్లీ ప్లేటు పక్కన అగ్గిపెట్టె పెట్టి లేచిపోయాడు. అందులో పెన్‌డ్రైవ్ ఉంది. కాటా ప్రోగ్రాం ఫోల్డర్ మొత్తం దాంట్లో ఉందట.

నవంబర్ 6

బళ్ళారి, కౌల్ బజార్, తిరుమలేష్ కంప్యూటర్ సెంటర్. తిరుమలేష్ సిరుగుప్ప వైపు ఆంధ్రా నుంచి వచ్చిన రైతుల క్యాంపు మనిషి. తాత కాలంలో గోదావరి నుంచి వచ్చినా వాళ్ల మాట ఇంకా అక్కడిదే.

ఫైలు తెరిచాడు. అక్షరాలు ఇంగ్లీషువే కానీ అందులో పేర్లు మనవి. కాటా, చీటీ, తరుగు.

తరుగు. మార్కెట్ యార్డులో రైతు బస్తా తూచి, మట్టి ఉందని, తేమ ఉందని తూకంలో కోసేసేదాని పేరు. మా నాన్న ఆ మాట వింటే ఉమ్మేవాడు. ఇక్కడ ఖనిజానికి తరుగు పెట్టి తొమ్మిదేసి టన్నులు కోస్తున్నారు. ఎవరో మన మాటలోనే దొంగతనం రాశారు.

ఫైలు మొదటి లైను: రాసినవారు, బిందుశ్రీ, కూరెకుప్ప. 2005.

తిరుమలేష్ ఇంకేదో వెతకాలన్నాడు. కరెంటు పోయింది. వచ్చేశాను.

రాసిన మనిషి పేరు ఫైలులోనే ఉంది.

నవంబర్ 7

బిందుశ్రీ సండూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. కాంట్రాక్టు ఉద్యోగం. రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వార్త పంపాను.

నవంబర్ 8

మొదటి పేజీ, నాలుగు కాలాలు, నా పేరుతో. 'ఖనిజానికి తరుగు పెట్టిన టీచరమ్మ.' హెడ్డింగు నాది కాదు, బ్యూరో చూసే విక్రమ్ పెట్టాడు.

వార్త మళ్లీ చదివాను. ప్రోగ్రాం మీద ఆమె పేరుంది, నిజం. ఆమెది కూరెకుప్ప, నిజం. తరుగు అనే మాట ఉంది, నిజం. ఒక్క విశేషణం లేదు. రాసిన మనిషి పేరు ఫైలులోనే ఉంది.

నవంబర్ 10

కాలేజీ వాళ్లు ఆమెను రావద్దన్నారు. ఇరవై ఒకటిన కమిటీ కూర్చుని ఉద్యోగం ఉంచాలో తీయాలో తేలుస్తుంది. పోలీసులు నిన్న పొద్దున పిలిచి సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు.

కాటా యజమాని విలేకరులను పిలిచి మాట్లాడాడు. "మేము తెచ్చుకున్నోళ్ళం. లోపల ఏముండాదో మాకేం తెలుస్తాది? రాసిన ఆయమ్మనడగండి."

ఈ మాట కోసం అతను నాకు దండ వేయాల్సింది.

కాటా నడుస్తూనే ఉంది. ఈ రోజు వెంకటరామి నా ఫోన్ ఎత్తలేదు.

నవంబర్ 12

ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చాడు. ఉచ్చెంగెప్ప. బిందుశ్రీ తండ్రి. కూరెకుప్ప దగ్గర మూడెకరాల మెట్ట. శెనక్కాయలు వేస్తాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాత చీటీల కట్ట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇది చూడప్పా." యార్డు చీటీ. 2005. తూకం ఒక లైను, దాని కింద తరుగు ఒక లైను, దాని కింద నికరం.

"ముందు యార్డులో తరుగు ఎంత కోస్తారో దేవుడికే తెలిసేది కాదు. నోటితో చెప్తారు, మనం తలకాయ ఊపల్లా. మా పాప డిప్లొమా చదివేటప్పుడు నాతో పాటు యార్డుకి వచ్చి చూసింది. ఇంటికొచ్చి ఇది రాసింది. కోస్తే కొయ్యండి, చీటీలో చూపించి కొయ్యండి అని. ఊరికే ఇచ్చింది యార్డోళ్ళకి. ఇంటర్నెట్లో కూడా పెట్టింది, ఎవురైనా వాడుకోండి అని."

కాటా ప్రోగ్రాంలోనూ అదే తరుగు ఉందని చెప్పాను.

"ఉండాది. మా పాప తరుగు చీటీలో కనిపిస్తాది. నీ కాటా తరుగు చీటీలో యాడ కనిపిస్తాది?"

విచారణలో అన్నీ తేలతాయన్నాను. ఇరవై రెండేళ్లలో ఈ వాక్యం ఎంతమందికి చెప్పానో లెక్క లేదు.

ఆయన గొంతు పెంచలేదు. "నీ పేరుండే పేపర్లో మిరపకాయ బజ్జీలు కట్టిస్తారప్పా, బస్టాండు కాడ. బజ్జీలో ఉప్పెక్కువైతే వచ్చి నిన్ను కొట్టల్లా?"

పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. చీటీల కట్ట మళ్లీ కవర్లో పెట్టుకుని, అందులోంచి ఒకటి నా టేబుల్ మీద ఉంచి వెళ్లాడు.

నవంబర్ 13

పొద్దున్నే తిరుమలేష్ దగ్గరికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అతను ఒక సైటు తెరిచాడు. కోడ్ వెతకడానికే ఉన్న సైటు. "మామూలు సెర్చిలో మాటలు దొరుకుతాయండి. బ్రాకెట్లు, చుక్కలు దానికి పట్టవు. ఇది అలా కాదు. జనం అందరి కోసం తెరిచి పెట్టిన కోడ్‌ని లైను లైనుగా ఏరి దాచుకుంటుంది. మీరొక లైనిస్తే ఆ లైను లోకంలో ఏ ఏ ఫైళ్లలో ఉందో, ఎవరు ఎప్పుడు పెట్టారో, ఏ షరతు మీద ఇచ్చారో చూపిస్తుంది."

ముందు కాటాకి ఇంగ్లీషు మాట, వే బ్రిడ్జి అని కొట్టాడు. వందలు వచ్చాయి. కాటా నుంచి అంకె చదివే లైను మొత్తం పెట్టి చూశాడు. నలభై చిల్లర. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తరుగు అని కొట్టాడు. "ఈ మాట మనోళ్లు తప్ప ఇంకెవరు రాస్తారండీ."

ఏడు ఫైళ్లు.

అన్నిటికంటే పాతది బిందుశ్రీది, 2005 మార్చి. మిగిలిన ఆరూ దాన్ని తీసుకుని ఎవరి అవసరానికి వాళ్లు మార్చుకున్నవి. పొద్దుతిరుగుడు యార్డు ఒకటి, బెల్లం మండీ ఒకటి. ఒకటి ఏదో దూరదేశంలో కాఫీ గింజలు తూచేవాళ్లది. తరుగు అంటే ఏమిటో తెలియక దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు ఆ మనిషి. ఏడింటిలోనూ పైన ఆమె పేరుంది. పేరు తీయకూడదు, అదే ఆమె పెట్టిన షరతు. మార్చినవాడు కింద తన పేరు చేర్చాలి.

తిరుమలేష్ ఆమె ఫైలును ఒక పక్క, పెన్‌డ్రైవ్ ఫైలును ఇంకో పక్క పెట్టాడు. ఆమె ఫైలులో, తూకంలోంచి తరుగు తీసే లైనుకు ముందు ఒక హద్దు ఉంది. క్వింటాలుకు రెండు కిలోలు దాటితే చీటీ రాదు. తరుగు తీశాక, దాన్ని చీటీ మీద అచ్చు వేసే లైను ఉంది. ఆ లైను పైన ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న మాట: రైతుకి కనపడాలి.

పెన్‌డ్రైవ్ ఫైలులో తరుగు తీసే లైను ఉంది. హద్దు లేదు. అచ్చు వేసే లైను లేదు. ఆ మాటా లేదు. మిగతాదంతా అక్షరం పొల్లు పోకుండా ఆమెది. మార్చినవాడు తన పేరు రాయలేదు. ఆమె పేరు మాత్రం తీయలేదు.

కాఫీ గింజల వాడు తరుగు అంటే తెలియకపోయినా ఆ లైను ఉంచాడు.

మొత్తం పదకొండు నిమిషాలు. గోడ గడియారం చూసి చెబుతున్నాను.

కాగితం మీద ఉన్నది చదవడమే నా ఉద్యోగం. ఉన్నది చదివాను. లేనిది ఏమిటని చూడలేదు.

తిరుమలేష్ మౌస్ వదిలి, "ఆ రోజే చెప్పాను కదండీ" అన్నాడు.

చెప్పాడు. ఆరో తారీఖు నేను 'ఇంకేదో వెతకాలన్నాడు' అని రాసుకున్నాను. అతను అన్నది ఇది: "ఇది తెరిచిపెట్టిన కోడ్ లాగుందండీ. ఇలాంటివాటిలో పైన పేరు మొదట రాసినవాళ్లది, మార్చినవాళ్లది కాదు. అసలు ఫైలు వెతికి పక్కన పెట్టి చూద్దాం. కరెంటొచ్చాక రండి." గంటలో వస్తుందన్నాడు. నేను ఆగలేదు. ఇంకో పేపరు వాళ్లు కూడా వెంకటరామి చుట్టూ తిరుగుతున్నారని విన్నాను.

నవంబర్ 14

సవరణ రాశాను. ఆరు లైన్లు. ఆమె పేరు, ఆమె రాసింది ఏమిటి, తీసేసింది ఏమిటి, తప్పు ఎవరిది. విక్రమ్‌కు పంపి ఫోన్ చేశాను.

"ఇప్పుడిది వేస్తే ఏమవుతాదో తెలుసా? కాటా వాడు మొత్తం వార్తే అబద్ధమంటాడు. లారీలు నిజమేనా కాదా?"

"నిజమే."

"చీటీలు?"

"అవీ నిజమే."

"మరి చిన్నదాని కోసం పెద్దదాన్ని చంపుకుంటామా అన్నా. పర్మిట్ల విచారణ ఒక కొలిక్కి రానీ, అప్పుడు వేద్దాం. నేనేం వద్దంటాండానా?"

విక్రమ్ చెప్పిందాంట్లో న్యాయం ఉంది.

నవంబర్ 15

ఏమీ లేదు.

నవంబర్ 16

దోణిమలై వెళ్లాను. టౌన్‌షిప్‌లో నీళ్ల కొరత మీద వార్త పంపాను. విక్రమ్ బాగుందన్నాడు.

విక్రమ్ చెప్పిందాంట్లో న్యాయం ఉంది.

నవంబర్ 18

కూరెకుప్ప వెళ్లాను. వెళ్లాలని వెళ్లలేదు. తోరణగల్లులో పని అయిపోయింది, బస్సు అటే పోతోంది.

ఇంటి ముందు ఒక పెద్దావిడ తీగ మీది బట్టలు దులుపుతోంది. తెల్ల చొక్కాలు కూడా ఖనిజం రంగులో ఉన్నాయి. సిద్దక్క, బిందుశ్రీ తల్లి. నేనెవరో అడగకుండానే మంచం వాల్చింది.

"కాలేజీ నుంచి వచ్చినారా సార్? మా పాప సంగతేనా?"

నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి వచ్చిన అమ్మాయి, "అవునమ్మా, కాలేజీ సారే" అంది. పాతికేళ్లకు కాస్త ఎక్కువ ఉండొచ్చు. తల్లి మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

"నా ఫొటో వేసినట్టే మీ పేరు పక్కన మీ ఫొటో కూడా వేసినారు సార్. అట్లా గుర్తుపట్టినా. అమ్మకు చెప్పద్దండి. మజ్జిగ పొయ్యదు."

మంచం అంచున కూర్చున్నాను.

"అసలు ఫైలు వెతికినారా?" అని అడిగింది.

"వెతికాను. మీది చూశాను. ఆ ఆరూ చూశాను."

"ఎప్పుడు?"

"పదమూడున."

"ఈ రోజు పద్దెనిమిది సార్."

అంతకు మించి దాని గురించి మాట్లాడలేదు. సిద్దక్క పెద్ద లోటాతో మజ్జిగ తెచ్చి, ఉప్పు సరిపోయిందా అని అడిగి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడింది. "మా పాప అబద్ధం ఆడదు సార్. ఆడితే మొగంలో తెలిసిపోతాది. మీరే చూసి చెప్పండి" అంది. అమ్మాయి తల్లిని చూడలేదు, నన్ను చూడలేదు.

నేను వచ్చేటప్పుడు బిందుశ్రీ వీధి చివరిదాకా వచ్చింది. "ఇరవై ఒకటిన కమిటీ ఉండాది. దానికి ముందు పేపర్లో వస్తే ఉద్యోగం నిలుస్తాది. లేకపోతే పోతాది. ఈ పేరుతో నన్ను ఇంకో కాలేజీ తీసుకోదు. పెద్ద అక్షరాలు వద్దు సార్. మామూలుగా వేస్తే చాలు."

"వస్తుంది" అన్నాను.

నవంబర్ 19

విక్రమ్ వేయనన్నాడు. ఈ వారం కుదరదన్నాడు. నేను రెండోసారి అడగలేదు.

ఏడో తారీఖు కింద రాసింది దిద్దుతున్నాను. ఆమెకు రెండుసార్లు ఫోన్ చేయలేదు. ఒక్కసారే చేశాను. నాలుగు రింగులు విని పెట్టేశాను. ఎత్తకపోతే బాగుండునని అనుకుంటూ విన్నాను. ఎత్తితే ఏదో ఒక జవాబు చెబుతుంది. జవాబు చెబితే వార్త ఒక రోజు ఆగుతుంది.

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా రెండు అని రాశాను.

నవంబర్ 21

విక్రమ్‌కు చెప్పకుండా కాలేజీకి వెళ్లాను. రెండు ఫైళ్లూ పక్కపక్కన ప్రింటు తీయించి పట్టుకెళ్లాను. దాంతోపాటు ఒక కాగితం రాసి సంతకం చేశాను. అసలు ఫైలు వెతికి చూడమని ఆరో తారీఖే నాకు చెప్పారనీ, చూడకుండా రాశాననీ, కాటా ప్రోగ్రాంలో మోసం బిందుశ్రీ రాసింది కాదనీ.

కమిటీలో ముగ్గురు. ప్రిన్సిపాల్, ఇంకో లెక్చరర్, కాలేజీ కార్యదర్శి పెదబాబు. పెదబాబుకు పద్నాలుగు ఖనిజం లారీలున్నాయి. బిందుశ్రీ గోడ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఉచ్చెంగెప్ప బయట వరండాలో ఉన్నాడు.

ప్రిన్సిపాల్ నా కాగితం పైకి చదివాడు. చదువుతున్నంతసేపూ నేను నేల చూశాను. నేల మొజాయిక్.

పెదబాబు నా వైపు కాదు, ఆమె వైపు తిరిగాడు. మాట మెత్తగా ఉంది. "చూడమ్మా, నీ తప్పు లేదని రిపోర్టరప్ప రాసిచ్చినాడు. మంచిదే. సోమవారం నుంచి వచ్చెయ్. ఒకటే మాట. ఆ ఇంటర్నెట్లో పెట్టినావే, దాన్ని తీసెయ్. దాంతో కాలేజీకి చెడ్డపేరు వస్తాండాది."

"ప్రోగ్రాం తీసెయ్యల్లా సార్?"

"మళ్లీ ఎవడైనా ఎత్తుకొని ఇంకోటి చేస్తే? నీకేనమ్మా తలనొప్పి. తీసేస్తే అయిపాయె."

ఆమె నా వైపు తిరిగింది. "మీరేమంటారు సార్?"

"తీసెయ్యమ్మా" అన్నాను. "ఉద్యోగం ముఖ్యం కదా."

ఆ మాట వెంటనే వచ్చింది. ఆలోచించాల్సిన పని పడలేదు.

ఆమె పెదబాబుతోనే మాట్లాడింది. "తీసేసినా యార్డుల్లో నడిచేది నడుస్తాది సార్. దానికేం కాదు. కానీ రేపు ఇంకోడు ఆ లైను తీసేసి వాడుకుంటే, అసలుది ఎట్లుండెనో ఎవురైనా వెతికితే దొరకల్లా. దొరక్కపోతే మార్చిందే అసలుదవుతాది. పైన నా పేరుతోనే."

"అయితే ఉద్యోగం వద్దంటావు."

"వద్దనలేదు సార్. తియ్యనంటున్నా."

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాంట్రాక్టు ఈ నెలతో ముగుస్తుంది, పొడిగించడం లేదు అని రాసుకున్నారు. తప్పు చేసిందని రాయలేదు. నా కాగితం వల్ల జరిగిన మేలు అంతే.

బయట ఉచ్చెంగెప్ప లేచి నిలబడి ఆమె మొహం చూశాడు. ఇద్దరూ నడిచి రోడ్డు మీదికి వెళ్లారు. బస్సు కోసం నేను రోడ్డుకు ఇవతల నిలబడ్డాను, వాళ్లు అవతల. మధ్యలో లారీలు పోతున్నాయి. వాళ్ల బస్సే ముందు వచ్చింది.

ఆమె మేలు కోరి తీసెయ్యమన్నానని ఇక్కడ ఒక వాక్యం రాశాను. కొట్టేశాను. ఆ ఫైలు అక్కడ ఉన్నంతకాలం ఎవరైనా వెతకొచ్చు. పదకొండు నిమిషాలు చాలు. నేనేం చూడకుండా రాశానో వాళ్లకు తెలుస్తుంది. అది లేకుండా పోవాలని నాకుంది. పెదబాబు అడిగిందీ నేను చెప్పిందీ ఒకటే. కారణాలే వేరు, అంతగా వేరు కూడా కాదు.

నవంబర్ 22

విక్రమ్‌కు కాలేజీ నుంచి ఎవరో చెప్పారు. అరిచాడు. కాగితం బయటికి వెళ్లింది కాబట్టి సవరణ ఇక వేయక తప్పదన్నాడు. ఆ ఆరు లైన్లే మళ్లీ పంపాను.

నవంబర్ 23

సవరణ వచ్చింది. తొమ్మిదో పేజీ అడుగున, ఖనిజ ధూళి గురించి వేసిన ప్రకటన పక్కన. నేను పంపింది ఆరు లైన్లు. వచ్చినవి నాలుగు. కాటా సాఫ్ట్‌వేర్ మూలాల గురించి ప్రచురించిన వివరాల్లో కొంత సాంకేతిక స్పష్టత లోపించిందని, అందుకు చింతిస్తున్నామని.

పదకొండు గంటలకు ఉచ్చెంగెప్ప ఫోన్ చేశాడు.

"మనమింట్లో తెలుగు మాట్లాడుకునేదే గానీ నాకు అక్షరాలు కన్నడమొక్కటే వస్తాయప్పా. పాప ఊర్లో లేదు, పని వెతుక్కుందామని హొసపేట పోయింది. కొట్టు కాడ హనుమప్పతో చదివించుకున్నా. రెండు మార్లు చదివించుకున్నా."

సరే అన్నాను.

"ఇందులో మా పాప పేరు యాడా రాలేదు. వాడు తొందర మనిషి. యాడన్నా ఒక లైను ఇడిసిపెట్టి చదివినాడేమో అని నిన్ను అడుగుతాండా."

"లేదు" అన్నాను. "అతనేమీ వదిలిపెట్టలేదు."